ప్రసూనగారి అడ్డతెర

జ్ఞానప్రసూనగారిని నేను మొదటిసారి చూసినప్పుడు ఆవిడ నిలబడే నిద్రపోతున్నారు. మా టౌన్‌హౌసుల వరస చివర అందరి మెయిల్‌బాక్సులూ ఒకేచోట ఉంటాయి. ఆవిడ తాళంచెవి తాళంలో పెట్టి, నుదురు ఆ ఇనప పెట్టెకి ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నారు. చీరమీద కూతురి స్వెట్టర్, కాళ్ళకి అల్లుడి స్నీకర్స్. నేను గొంతు సవరించుకుంటే కళ్ళు తెరిచి, తప్పు చేస్తూ దొరికిపోయినట్టు నవ్వి, చల్లగా ఉంటుందని తల ఆనించానమ్మా అన్నారు. అమెరికాలో మేముండే ఈ క్యారీ ఊళ్ళో ఆగస్టు మధ్యాహ్నం ఆ పెట్టెమీద ఆమ్లెట్ వేసుకోవచ్చు. ఆవిడ ఉత్తరాలు నేనే తీసి చేతికిచ్చాను.

నా పేరు కృష్ణవేణి. హన్మకొండ పిల్లని, పిల్లననడానికి ఇప్పుడు వయసు ఒప్పుకోదు గానీ. ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, అంటే పక్కవాళ్ళ తప్పులు పట్టుకోవడం నా పని. అది నీ ఉద్యోగం కాదు, స్వభావం అంటాడు మా ఆయన. నా టేబుల్ ముందు కిటికీలోంచి చూస్తే ప్రసూనగారి ఇంటి తలుపు ఎదురుగా కనిపిస్తుంది. అందుకే ఆ తలుపు సంగతి నాకు తెలిసినంతగా ఆ వీధిలో ఇంకెవరికీ తెలియదు.

ప్రసూనగారిది నర్సాపురం దగ్గర ఒక ఊరు. ఆ వైపు ఆడవాళ్ళకి లేసు అల్లిక వంటపనిలాగే వచ్చేస్తుంది. ఆవిడా పలకా బలపం కంటే ముందు క్రోషా సూదే పట్టుకున్నారట. పెళ్ళయ్యాక భర్త విజయానందం మాస్టారితో గోదావరి జిల్లాలో ఒక క్రైస్తవ వేదాంత కళాశాల క్వార్టర్స్‌కి వెళ్ళారు. పాస్టర్లు కాబోయే కుర్రాళ్ళకి మాస్టారు హీబ్రూ భాష, ప్రాచీన ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారం, తర్వాత వాళ్ళు కట్టుకున్న ఆలయం, వాటిలోని బొమ్మల అర్థం బోధించేవారు. తరగతిలో గోడకి తగిలించే పటాలు మాత్రం ప్రసూనగారివే. ఆయన చెప్తూ ఉంటే ఆవిడ గుడ్డమీద కుట్టేవారు. ఆవిడ కుట్టు చూసి ఆయన తన పాఠం సవరించుకున్న రోజులు కూడా ఉన్నాయని ఆవిడే ఒకసారి కొంచెం గొప్పగా చెప్పుకున్నారు. ఆవిడ గొప్పలు చెప్పుకోగా నేను విన్నది అదొక్కటే.

వాళ్ళకి ఒక్కతే కూతురు, ఎస్తేరు రాణి. ఇక్కడ ఫార్మా కంపెనీలో ల్యాబ్ ఉద్యోగం. అల్లుడు ఆష్‌బర్న్ అనే దూరపు ఊళ్ళో డేటా సెంటర్లో పనిచేస్తూ వారాంతాలకి వచ్చిపోతుంటాడు. మాస్టారికి మతిమరుపు జబ్బు మొదలైందని తెలియగానే రాణి ఇద్దరినీ తనదగ్గరికి తెచ్చుకుంది.

జబ్బు ఆయన దగ్గర్నుంచి ఒక్కొక్కటే తీసుకుపోయింది. ముందు కొత్త మనుషులు పోయారు, తర్వాత అన్నం తిన్న సంగతి, తర్వాత అల్లుడి పేరు, కొన్నాళ్ళకి కూతురి పేరు. హీబ్రూ పోలేదు, ప్రార్థన పోలేదు, ప్రసూన అనే పిలుపు పోలేదు. కానీ ఆయనకి కాలు ఇంట్లో నిలిచేది కాదు. క్లాసుకి టైమైందని తలుపు తీసుకుని వెళ్ళిపోయేవారు. మా కమ్యూనిటీ వెనక చెరువుంది, ముందు కార్లు దూసుకుపోయే రోడ్డుంది. రెండిట్లో ఏది ముందు దొరుకుతుందో అన్నట్టు వెళ్ళేవారు.

రాణి తలుపుకి గొలుసు పెట్టించింది, ఆయన తీసేశారు. నంబరు నొక్కితే తెరుచుకునే తాళం పెట్టించింది. అది తీయలేక ఆయన తలుపుని గుద్దీ గుద్దీ చేతులు వాచిపోయాయి. నన్నెందుకు బంధించారని చిన్నపిల్లాడిలా ఏడిస్తే, చూడలేక ప్రసూనగారే తలుపు తీసేవారు. తీసి, వెనకాలే తిరిగేవారు. కొన్నాళ్ళకి ఆ తాళమే తీయించేశారు. కాళ్ళు పీక్కుపోతున్నా కమ్యూనిటీ చుట్టూ ఆయన వెనక నడిచి, ఎక్కడికి బయల్దేరారో ఆయన మరిచిపోయినప్పుడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవారు. నాకు కోపం వచ్చేది. ఎవరిమీదో తెలియని కోపం, ఎక్కువగా ఆవిడమీదే. ఒక్క మనిషినైనా సాయం అడగరేం అని.

ఒకరోజు ఆవిడ స్నానానికి వెళ్ళొచ్చేలోగా మాస్టారు రోడ్డు మధ్య కాలిజోళ్ళు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. కార్లన్నీ ఆగిపోయాయి. పోలీసులు మర్యాదగానే తెచ్చి దింపారు. ఆ సాయంత్రం రాణి తల్లిని నా ముందే కూర్చోబెట్టి, ఇంకొక్కసారి నాన్న ఒంటరిగా బయటికి వెళ్తే ఈ జబ్బున్నవాళ్ళని ఉంచుకుని చూసే మెమరీ కేర్‌లో చేర్పించేస్తానని, అప్పుడు వద్దనకూడదని మాట తీసుకుంది. కఠినంగా అనలేదు, ఏడుస్తూనే అంది. ప్రసూనగారు తలూపారు.

రాణి లోపలికి వెళ్ళాక ఆవిడ నాతో అన్నారు. "నన్ను రోజూ చూస్తున్నారు కాబట్టి ఇంకా ప్రసూనా అంటున్నారమ్మా. అక్కడ పెడితే నాలుగు రోజుల్లో ఆ పేరు కూడా పోద్ది."

ఆ రోజునుంచి ఆవిడకి కంటిమీద కునుకు లేదు. డైనింగ్ టేబుల్ దగ్గరి కుర్చీ ఒకటి తెచ్చి తలుపు పక్కనే వేసుకున్నారు. తినడం అక్కడే, ప్రార్థన అక్కడే, రాత్రిళ్ళు కూర్చునే పడక. కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చోవడమంటే ఏమిటో నేను ఆవిడని చూసి తెలుసుకున్నాను. రాణి కాస్త కూర్చుంటానన్నా, పొద్దున్నే ఉద్యోగానికి వెళ్ళాలిగా పడుకో అనేవారు.

డాక్టరు దగ్గర పనిచేసే నర్సొకావిడ ఒక ఉపాయం చెప్పింది. ఈ జబ్బున్నవాళ్ళకి తలుపు కనబడితేనే వెళ్ళాలనిపిస్తుంది, దాన్ని తెరతోనో బొమ్మతోనో మూసేయండి అని. రాణి ముందు ఒక దుప్పటి కట్టింది. మాస్టారు దాన్ని పక్కకి నెట్టి, ఎవరివో బట్టలు ఇక్కడ ఆరేశారే అని విసుక్కుంటూ వెళ్ళబోయారు. పుస్తకాల అలమర బొమ్మ ఉన్న పెద్ద కాగితం అంటించింది. ఆయన అందులోంచి పుస్తకం తీయబోయి, రాకపోతే కోపంతో చించేశారు.

అప్పుడు ప్రసూనగారు లేసు దారం తెప్పించమన్నారు. నీలం, ఊదా, ఎరుపు గుడ్డ కావాలన్నారు. నేనే కార్లో తీసుకెళ్ళాను. దేనికి ఆంటీ అంటే, అడ్డతెరకి అన్నారు. ఇశ్రాయేలీయుల గుడారంలో అన్నిటికంటే లోపలుండే అతి పరిశుద్ధస్థలం ముందు వేలాడే తెరని అలా అంటారట. అది దాటి ఎవరూ వెళ్ళరు. ప్రధాన యాజకుడు, అంటే పెద్ద పూజారి ఒక్కడే, అదీ సంవత్సరానికి ఒక్కరోజు, తెల్లబట్టలు కట్టుకుని. ఆ తెరమీద కెరూబులనే రెక్కల జీవుల బొమ్మలు ఉండేవట. మాస్టారు జీవితమంతా దాన్ని గురించే చెప్పారు, తలుపుని ఎలా మరిచిపోరో దాన్నీ అలాగే మరిచిపోరు అన్నారు ఆవిడ.

తలుపు పక్క కుర్చీలోనే కూర్చుని కుట్టారు. రెక్కలు మాత్రం లేసు. ఈకకి ఈక విడిగా అల్లి, ఒకదానిమీద ఒకటి కప్పుతూ అతికించారు. కునికిపాట్లు పడుతూ వేలికి సూది గుచ్చుకుంటే లేచి, మళ్ళీ అల్లేవారు. తెర పూర్తయి తలుపుమీద వేలాడినప్పుడు నేను చూడ్డానికి వెళ్ళాను. రెండు ఆకారాలు, ఒకదానికొకటి ఎదురెదురుగా. సింహం ఒళ్ళు, గద్ద రెక్కలు, మనిషి మొహం. కనుగుడ్లకి నల్లదారం. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం భయమేసింది.

మాస్టారు మెట్లు దిగి వచ్చారు, క్లాసుకి వెళ్ళే హడావిడిలో. తెర చూసి ఆగారు. చాలాసేపు చూశారు. తర్వాత వంగి చెప్పులు విడిచి, రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి నిలబడ్డారు. ఆయన తిరిగి వెళ్ళి సోఫాలో కూర్చుని, కాఫీ ఉందా ప్రసూనా అని అడిగారు.

ఆ శీతాకాలమంతా ఆయన ఆ తలుపు దాటలేదు. ప్రసూనగారు కుర్చీ మాత్రం తీయలేదు. తెరని నమ్మారు గానీ, పూర్తిగా నమ్మడానికి ఆవిడకి ధైర్యం చాలలేదు.

నేను లంచ్ బ్రేక్‌లో వెళ్ళి కూర్చునేదాన్ని. మాస్టారికి మంచి రోజులు కొన్ని ఉండేవి. అలాంటి ఒకరోజు నన్ను విద్యార్థిననుకుని, ఆ తెరమీద ఎవరో చెప్పమన్నారు.

"దేవదూతలు కదా మాస్టారూ. గ్రీటింగ్ కార్డుల మీద ఉంటరు, బొద్దుగా, రెక్కలున్న చంటిపిల్లలు" అన్నాను.

ఆయన నవ్విన నవ్వు చూడాలి. ఆ చంటిపిల్లలు ఎక్కడో ఎవరో చిత్రకారులు ఎంతో తర్వాత వేసిన బొమ్మలని, కెరూబులు కాపలాదారులని చెప్పారు. ఆదిలో దేవుడు మనుషుల్ని తోటలోంచి పంపేశాక, మళ్ళీ రాకుండా దారిలో నిలబెట్టింది వాళ్ళనేనట. ఆ కాపలావాళ్ళే గుడారం తెరమీదికి వచ్చారు, ఆలయం గోడలమీదికీ తలుపులమీదికీ వచ్చారు, ఈతచెట్ల బొమ్మల మధ్య. అంటే ఆలయంలోకి అడుగుపెట్టేవాడు పోగొట్టుకున్న తోట గుమ్మం దగ్గర మళ్ళీ నిలబడుతున్నాడన్నమాట. దారి ఉంది, కాపలా కూడా ఉంది. రెండూ ఒకే బొమ్మ చెప్తుంది అన్నారు.

అయితే మా ద్వారపాలకుల లాంటివాళ్ళే అన్నాను. మా ఊళ్ళో గుళ్ళకి వెళ్ళినప్పుడు గర్భగుడి ముందు అటొకడూ ఇటొకడూ చూపుడువేలు ఎత్తి నిలబడి ఉంటే చిన్నప్పుడు నాకు లోపలి దేవుడికంటే వాళ్ళంటేనే భయం. ఆ మాటకి ఆయన ఎంత సంబరపడ్డారో. దగ్గరికొచ్చావమ్మా అని, ఇంకా చెప్పారు. చుట్టుపక్కల రాజ్యాల్లో రాజులు ఇలాంటి రెక్కల మృగాలు అటూ ఇటూ ఉన్న సింహాసనాలమీద కూర్చునేవారట. ఇశ్రాయేలీయులు కూడా మందసం అనే పెట్టెమీద, బంగారంతో రెండు కెరూబుల్ని చేసి రెక్కలు చాపించారు. కానీ ఆ రెక్కల మధ్య ఎవర్నీ కూర్చోబెట్టలేదు. దేవుడికి రూపం చెయ్యకూడదు కాబట్టి అక్కడ ఖాళీయే.

"ఖాళీకి కాపలా ఎందుకు మాస్టారూ?"

"ఆ ఖాళీలోంచే కదమ్మా మాట వినబడేది. దాని పేరు కరుణాపీఠం."

ఆ రెండూ బయటికి చూడవని కూడా చెప్పారు. మొహాలు ఒకదానివైపు ఒకటి, చూపు కిందికి, ఆ పీఠంమీదికి. కాపలావాడు బయటికి కదా చూడాలి అనుకుంటూ తలతిప్పితే ప్రసూనగారు కనబడ్డారు. తలుపు పక్క కుర్చీ, వీపు తలుపుకి, మొహం మాస్టారివైపు. కళ్ళు మూతలు పడుతుంటే బలవంతాన తెరుస్తున్నారు.

నేను ఊరికే ఉండలేకపోయాను. "ఈ కాపలా కాసేటోళ్ళకి నిద్రుండదా మాస్టారూ?"

ఆయన భార్యవైపు చూశారు. "వాటి నిద్ర సంగతి ఎక్కడా రాయలేదమ్మా" అన్నారు. మరుక్షణం నేనెవరో మరిచిపోయి, ఈ అమ్మాయికి కాఫీ ఇచ్చావా ప్రసూనా అని అడిగారు.

గుడ్‌ఫ్రైడే వచ్చింది. ఇక్కడి తెలుగు క్రైస్తవ సంఘంవాళ్ళు ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకి తీసుకుని ఆరాధన చేసుకుంటారు. రాణికి ల్యాబ్‌లో వదలలేని పనుంది, సాయంత్రానికి గానీ రాదు. అల్లుడికి సెలవు లేదు. చర్చికి వెళ్ళక ప్రసూనగారికి ఎన్నాళ్ళయిందో. మాస్టారు ఈమధ్య నెమ్మదిగా ఉంటున్నారు కదా, తీసుకెళ్తావా అమ్మా అని నన్నడిగారు. తనకోసం ఆవిడ ఎవర్నైనా ఏదైనా అడగడం అదే మొదలు. నేను సెలవు పెట్టాను.

ఇద్దరూ తెల్లబట్టల్లో తయారయ్యారు. ఆయన్ని గరాజ్‌లోంచి కారెక్కించాం, తెరవైపుకి తేకుండా. హాల్లో ఆవిడ పాట అందుకుంటే నేను ఆశ్చర్యపోయాను. అంత గొంతు ఆ మనిషిలో ఎక్కడ దాక్కుందో. సిలువమీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగించారు. నాకు మూడో మాటకే ఆకలి మొదలైంది, ఐదో మాటకి నడుం పట్టేసింది. చివరి ప్రసంగం ఒక కుర్రాడిది, ఇక్కడ మాస్టర్స్ చదువుకుంటున్నవాడు. ఉత్సాహం ఎక్కువ. ప్రభువు ప్రాణం విడిచిన ఆ ఘడియలో ఆలయంలో అడ్డతెర పైనుంచి కిందదాకా రెండుగా చిరిగిపోయిందని చెప్తూ, ఎక్కడ దాచాడో ఒక పొడవాటి గుడ్డ తీసి అందరిముందూ చర్రున చింపాడు. ఇక అడ్డు లేదు, దారి తెరుచుకుంది, మనం లోపలికి ధైర్యంగా వెళ్ళొచ్చు అన్నాడు. సంఘమంతా ఆమెన్ అంది. మాస్టారు అందరికంటే గట్టిగా అన్నారు.

ప్రసూనగారు ఆ మాట పుట్టినప్పటినుంచి ప్రతి గుడ్‌ఫ్రైడేకీ వింటూనే ఉన్నారు. అంతగా విన్నదవడం వల్లే ఆవిడకి తట్టలేదు. నాకు ఆకలి వల్ల తట్టలేదు. ఆమెన్ అని, మజ్జిగ తాగి, ముగ్గురం ఇంటికొచ్చేశాం.

వాళ్ళని ఇంట్లో దింపి, నేను మా ఇంటికెళ్ళి అన్నం తిన్నాను. సాయంత్రం ఎండ ఇంకా ఉంది. కంప్యూటర్ తెరుద్దామని కిటికీ దగ్గరికొచ్చాను. ఎదురింటి తలుపు బార్లా తెరిచి ఉంది.

చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాను. మాస్టారు ఎక్కడికీ పోలేదు. ప్రసూనగారి కుర్చీ గుమ్మం బయట వేసి ఉంది. ఆయన అందులో నిటారుగా కూర్చుని ఉన్నారు. వీపు రోడ్డుకి, మొహం ఇంట్లోకి. నా అడుగుల చప్పుడు విని తిరిగి చూసి, చూపుడువేలు ఎత్తారు.

"గట్టిగా అడుగెయ్యకు" అన్నారు. "లోపల ప్రసూన పడుకుంది. ఎవరూ వెళ్ళకూడదు."

"మీరెట్ల బయటికొచ్చిండ్రు మాస్టారూ?"

"తెర చిరిగిపోయిందిగా" అన్నారు, ఈ మాత్రం తెలియదా అన్నట్టు.

ఆయన భుజంమీదుగా తొంగిచూశాను. తలుపుకి తెర లేదు, ఉత్త కడ్డీయే ఉంది. తెర చిరగలేదు. ఆయన దాన్ని కడ్డీనుంచి జాగ్రత్తగా తీసి, సోఫాలో పడుకున్న ప్రసూనగారికి కప్పారు. మెడదాకా లాగి, పాదాలు బయటపడకుండా మడిచి కప్పారు. ఆవిడ నోరు కొంచెం తెరుచుకుని, చెయ్యి కిందికి వేలాడేసి, ఈ లోకంతో పనిలేని నిద్రలో ఉన్నారు. చాపిన లేసు రెక్కలు రెండూ ఆవిడ ఊపిరితో పాటు పైకీ కిందికీ కదులుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. గుమ్మం పక్క మెట్టుమీద కూలబడ్డాను. ఆయన నన్ను పంపలేదు. మేమిద్దరం అలా కూర్చున్నాం.

రాణి కారు వచ్చింది. దిగుతూనే తండ్రిని బయట చూసి, కారు తలుపు కూడా వెయ్యకుండా పరుగెత్తుకొచ్చింది. నేను ముందే లేచాను. అబద్ధం నోట్లో సిద్ధంగా ఉంది.

"ఏం లేదు రాణీ, నేనే కాసేపు బయట కూర్చోబెట్టిన. గాలికి."

రాణి నన్ను నమ్మాలనే చూసింది. అంత అలిసిపోయి ఉందది కూడా. కానీ మా మాటలకి లోపల ప్రసూనగారు లేచారు. ఆ తెర భుజాలచుట్టూ శాలువాలా పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. చెంపమీద సోఫా అచ్చు పడింది. ఖాళీ కడ్డీ చూశారు, బయట తన కుర్చీ చూశారు, అందులో ఆయన్ని చూశారు. ఏం జరిగిందో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"లేదమ్మా" అన్నారు. "వేణి నాకోసం చెప్తోంది. ఆయనంతట ఆయనే వచ్చారు. నాకు మెలకువ లేదు, నిద్రపోయాను."

రాణి ఏదో అనబోయింది. ప్రసూనగారు ఆపారు.

"ఎంత బాగా పట్టిందో నిద్ర. నేను అలిసిపోయానమ్మా రాణీ. ఇన్నాళ్ళూ అనలేదు గానీ, చాలా అలిసిపోయాను."

తల్లీ కూతుళ్ళు గుమ్మంలోనే ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. ఈ రోజు గుమ్మం దగ్గరే ఆగారు గదా అని, ఆయన్ని పంపడానికి రాణే వెనకాడింది, మాట తీసుకున్నది తనే అయినా. ప్రసూనగారు వెనకాడలేదు. ఇక ఆ తెర ఆయన్ని ఆపదన్నారు. రేపు ఆయనకి తన నిద్ర గుర్తుండదు, తెర చిరిగిన సంగతే గుర్తుంటుంది, రోడ్డుదాకా వెళ్తారు అన్నారు. మాస్టారు మాత్రం కుర్చీలోంచి కదలకుండా, ఈ ఇద్దరాడవాళ్ళూ లోపలున్న మనిషిని నిద్ర లేపేస్తారేమోనని చిరాకు పడుతూ ఉన్నారు.

మెమరీ కేర్ మా ఇంటికి దూరమేమీ కాదు. ఈస్టర్ వెళ్ళాక చేర్పించారు. ఆ రోజు నేనే డ్రైవ్ చేశాను. ప్రసూనగారు తెరని మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అక్కడివాళ్ళు దాన్ని తలుపుకి కట్టనివ్వలేదు, అగ్నిప్రమాదాల రూలట. ఆవిడ వాదించలేదు. గుడారంలో లోపలి కప్పుకి కూడా కెరూబులుండేవని, బయటనుంచి చూసేవాళ్ళకి మేకవెంట్రుకల కంబళ్ళూ తోళ్ళూ తప్ప ఏమీ కనబడేవి కాదని, రెక్కలు లోపలున్నవాళ్ళకేనని నాతో చెప్తూ, మంచం తలవైపు గోడమీద ఎత్తుగా కట్టించారు. పడుకున్న మనిషికి కళ్ళెత్తితే కనబడేటట్టు.

బట్టలు సర్దాం. రాణి ఆఫీసు గదిలో సంతకాలు పెట్టి వచ్చింది. సాయంత్రం భోజనాల బండి చప్పుడు వినబడుతుంటే, ఇక బయల్దేరండి అన్నట్టు ఒక నర్సు వచ్చి నిలబడింది. ప్రసూనగారు ఆయన చొక్కా గుండీ సరిచేసి, వెళ్ళొస్తానండీ అన్నారు. ఆయన ఆవిడ తెల్లచీర చూశారు, గోడమీద తెర చూశారు. మొహంలో ఏదో గాభరా. ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"మళ్ళీ సంవత్సరానికేనా ప్రసూనా?"

నర్సుకి అర్థం కాలేదు. రాణికి అర్థమైంది, గోడవైపు తిరిగిపోయింది. ప్రసూనగారు మంచంమీద మళ్ళీ కూర్చున్నారు.

"రోజూ వస్తాను" అన్నారు. "తెర చిరిగిందిగా."

ఆయన ఒప్పుకుని చెయ్యి వదిలారు. కార్లో ఆవిడ సీటు బెల్టు కూడా నేనే పెట్టాను, అప్పటికే నిద్రపోయారు.